4817 నంబరు చీటీలు రెండు: ఒక పెర్ల్ స్క్రిప్టు మరమ్మతు డైరీ

ఫిబ్రవరి 26, రాత్రి

మా చిన్నాన్న వాళ్ల రైస్‌మిల్లు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. రబీ కోతలు మొదలయ్యాయి కాబట్టి పొద్దున ఆరింటికే ట్రాక్టర్లు గేటు బయట వరస కడుతున్నాయి. ఇవాళ సాయంత్రం గుమస్తా మామ రెండు తూకం చీటీలు తెచ్చి నా ముందు పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా నంబరు 4817.

ఒకటి సంగం వైపు నుంచి వచ్చిన ట్రాక్టరుది. ఖాళీ బండి తూకం తీసేస్తే 3,740 కేజీలు. మా నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కేజీలు కాబట్టి 4.4 పుట్లు. రెండోది లోపల గోడౌన్ కాటా మీద తూచిన బస్తాలది, 1,275 కేజీలు, పుట్టిన్నర. రాత్రి లెక్కలు కట్టే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, చీటీ నంబరునే కీగా (వెతుక్కునే గుర్తుగా) పెట్టుకుని అన్నిటినీ ఒక హ్యాష్‌లో, అంటే ఒక్కో కీకి ఒక్కో విలువ ఉండే పట్టికలో వేస్తుంది. ఒకే కీ రెండుసార్లు వస్తే రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. ట్రాక్టరు లోడు అలాగే మాయమైంది. ఆ రైతుకి రావాల్సిన డబ్బు దగ్గర సున్నా.

ట్రాక్టరు చీటీ తెచ్చింది ఆ రైతే. మిల్లుకి మళ్లీ వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆ చీటీ తీశాడు. చెమటకి మెత్తబడిన కాగితం. చిరిగిపోతుందేమోనని మెల్లగా విప్పి, టేబుల్ మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. ఆ చీటీ ఎక్కడో పడిపోయి ఉంటే ఆయన చేతిలో మాట తప్ప ఇంకే ఆధారమూ ఉండేది కాదు.

చిన్నాన్న గట్టిగా ఏమీ అనలేదు. "నాయనా, మిగతా పనులు తర్వాత. ముందు ఇది చూడు" అన్నాడు.

పన్నెండేళ్ల కింద చీటీకి నంబరు ఇచ్చే స్క్రిప్టు రాసింది నేనే, పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. అప్పుడు గేటు దగ్గర ఒకటే కంప్యూటరు. నంబరు ఉన్న ఫైలు చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం, అంతే పని. ఈ ఏడు గోడౌన్లో రెండో కంప్యూటరు పెట్టి, గేటు కంప్యూటరు ఫోల్డరునే షేర్ చేసి, అదే స్క్రిప్టు అక్కడా నడుపుతున్నాం. కోడ్ తెరిచి చూస్తే ఇంకో సంగతి కనిపించింది. నంబరు చదవడం మొదట్లోనే జరిగిపోతోంది. ఆ తర్వాత కాటా మీద తూకం ఊగడం ఆగేదాకా స్క్రిప్టు కాచుకుని కూర్చుంటుంది. ట్రాక్టరు ఎక్కి, డ్రైవరు దిగి, అంకె నిలబడేసరికి అర నిమిషం. కొత్త నంబరు రాయడం ఆ తర్వాత. ఈలోగా గోడౌన్లో ఇంకో చీటీ మొదలైతే అది చదివేదీ అదే పాత నంబరు. ఇన్ని రోజులు ఎక్కువసార్లు జరగకపోవడమే విశేషం.

ఫిబ్రవరి 27

ముందుగా నంబరు తీసుకోవడాన్ని చివరికి జరిపాను. తూకం నిలబడ్డాకే నంబరు. అర నిమిషం సందు కాస్తా మిల్లీసెకన్లకు తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. కాబట్టి ఫ్లాక్ పెట్టాలి, అంటే ఒకరు వాడుతుండగా ఇంకొకరు తాకకుండా ఫైలుకి తాళం వేసే కమాండ్.

పెర్ల్ ఫ్లాక్ తాళం లినక్స్ (మా కంప్యూటర్లని నడిపే ఆపరేటింగ్ సిస్టం) మీద సలహా లాంటిదే. మా నెల్లూరు బస్టాండులో బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద తువాలు వేస్తారు చూడండి, అలాంటిది. తువాలు ఉందా అని చూసేవాళ్లకే దాని విలువ. చూడకుండా వచ్చి కూర్చునేవాణ్ణి అది ఆపలేదు. అంటే ఆ ఫైలును తాకే ప్రతి స్క్రిప్టూ ఫ్లాక్ అడిగి తీరాలి. ఒక్కటి అడగకపోయినా మిగతావాటి తాళం వృథా.

పరీక్షకి ఒక చిన్న స్క్రిప్టు రాశాను. లూపులో 1,000 సార్లు నంబరు తీసుకుంటుంది. రెండు టెర్మినళ్లలో (కమాండ్లు కొట్టే విండోల్లో) ఒకేసారి నడిపితే చివరికి 2,000 రావాలి. మొదటిసారి 311 వచ్చింది. మధ్యలో నంబరు 1కి పడిపోయి మళ్లీ మొదలైంది.

కారణం నేను ఫైలు తెరిచిన తీరు. ముందు చదవడానికి తెరిచి మూసేసి, తర్వాత రాయడానికి '>' గుర్తుతో తెరిచి, అప్పుడు ఫ్లాక్ వేస్తున్నాను. '>' తో ఓపెన్ చేసిన క్షణంలోనే ఫైలు ఖాళీ అయిపోతుంది. తాళం దొరకడం ఆ తర్వాతి మాట. అవతలివాడు సరిగ్గా ఆ సందులో చదివితే ఖాళీ ఫైలు కనిపిస్తుంది, ఖాళీని సున్నా అనుకుని 1 రాస్తాడు. ఇంట్లో సామానంతా బయటపడేసి, ఆ తర్వాత తలుపుకి తాళం పెట్టినట్టుంది.

సరైన వరస ఇది. '+<' తో తెరవాలి. అప్పుడు చదవనూ వచ్చు, రాయనూ వచ్చు, ఫైలు ఖాళీ కాదు. తెరిచిన వెంటనే లాక్-ఈఎక్స్, అంటే ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం. తాళం చేతికొచ్చాకే చదవాలి. ఒకటి కలిపి, సీక్‌తో ఫైలు మొదటికి వెళ్లి, ట్రంకేట్‌తో పాతది కోసేసి, కొత్త నంబరు రాసి, క్లోజ్ చెయ్యాలి. తాళం విప్పే పని విడిగా పెట్టుకోనక్కర్లేదు. క్లోజ్ చేస్తే బఫర్లో (ఫైల్లోకి వెళ్లేముందు మెమరీలో) ఉన్నదంతా ఫైల్లోకి వెళ్లాకే తాళం ఊడుతుంది. ఫైలు అసలే లేకపోతే '+<' విఫలమవుతుంది కాబట్టి చదవడం, రాయడం, లేకుంటే సృష్టించడం, ఈ మూడూ కలిపి అడిగే సిస్‌ఓపెన్ వాడాను.

ట్రంకేట్ ఎందుకు, నంబరు పెరగడమే కదా అని మొదట వదిలేశాను. తర్వాత గుర్తొచ్చింది, ఏప్రిల్ 1న లెక్కల సంవత్సరం మారితే నంబరు మళ్లీ 1 నుంచి మొదలుపెడతాం. 4817 ఉన్న చోట 1 రాస్తే, మా ఫైల్లో లైను చివరి గుర్తు కూడా ఉండదు కాబట్టి, మిగిలేది 1817. అందుకే ట్రంకేట్.

రెండు టెర్మినళ్లలో మళ్లీ నడిపాను. 2,000. ఐదుసార్లు నడిపితే ఐదుసార్లూ 2,000.

మార్చి 1

నిన్న కోడ్ శుభ్రం చేస్తూ కూర్చున్నాను. తాళం వేసే నాలుగు లైన్లు మూడు చోట్ల ఉన్నాయి. వాటిని ఒక సబ్‌రొటీన్‌లోకి, అంటే పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలోకి తీసి, ఫైలు తెరిచి, ఫ్లాక్ వేసి, 1 రిటర్న్ చేసేలా రాశాను. స్ట్రిక్ట్ (వేరియబుళ్లని ముందే ప్రకటించాలనే కఠిన పద్ధతి) పెట్టాను, పాత గ్లోబల్ హ్యాండిల్ (తెరిచిన ఫైలుని ప్రోగ్రాం పట్టుకునే పిడి లాంటిది) తీసేసి దాని చోట 'మై'తో ప్రకటించిన హ్యాండిల్ పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పరీక్ష నడిపితే 1,486.

ఇక్కడే సగం రోజు పోయింది. ఫ్లాక్ నిజమనే రిటర్న్ చేస్తోంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. చివరికి తాళం వేసిన వెంటనే 30 సెకన్ల స్లీప్ పెట్టి, ఇంకో టెర్మినల్లో ఎల్‌ఎస్‌లాక్స్ కమాండ్ కొట్టాను. ఏ ప్రాసెస్ ఏ ఫైలు మీద తాళం పట్టుకుందో అది చూపిస్తుంది. జాబితాలో మా ఫైలు లేదు. అదే స్లీప్‌ను సబ్‌రొటీన్ లోపలికి జరిపి చూస్తే ఉంది. బయటికి తెస్తే లేదు. లోపల ఉంది, బయట లేదు. అప్పుడు వెలిగింది.

'మై'తో పెట్టిన వేరియబుల్ దాని చుట్టూ ఉన్న మీసాల బ్రాకెట్లు ముగిసేదాకే బతుకుతుంది. పెర్ల్ ప్రతి విలువకీ ఎందరు దాన్ని పట్టుకుని ఉన్నారో ఒక లెక్క ఉంచుతుంది. సబ్‌రొటీన్ ముగియగానే ఆ హ్యాండిల్‌ని పట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరు, లెక్క సున్నాకి దిగుతుంది. మామూలు వేరియబుల్ అయితే మెమరీ తిరిగి ఇచ్చేసి ఊరుకుంటుంది. ఫైల్ హ్యాండిల్ అయితే ఫైలును మూసేస్తుంది. ఫైలు మూసుకుంటే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం నడిమి భాగం, తాళం విప్పేస్తుంది. ప్రతి అడుగూ సక్రమమే. నేను రాసిన సబ్‌రొటీన్ తాళం వేసి, తిరిగి వచ్చే దారిలో తానే విప్పేసి, "వేశాను" అని చెబుతోంది.

పాత కోడ్‌లో ఈ బాధ ఎందుకు లేదంటే, అందులో ఎఫ్‌హెచ్ అని పెద్ద అక్షరాలతో రాసే పాతకాలం హ్యాండిల్ ఉండేది. అది ప్యాకేజీ మొత్తానికీ చెందిన గ్లోబల్. సబ్‌రొటీన్ ముగిసినా అది చావదు. నేను మంచి అలవాటని దాన్ని 'మై'కి మార్చాను. అలవాటు మంచిదే, దానితో పాటు తాళం ఆయుష్షు కూడా మారుతుందని నేను చూసుకోలేదు.

మందు ఒక్క లైనే. 1కి బదులు ఆ హ్యాండిల్‌నే రిటర్న్ చెయ్యాలి, పిలిచినవాడు దాన్ని తన 'మై' వేరియబుల్లో పట్టుకోవాలి. పిలిచిన చోట ఎవరూ పట్టుకోకుండా వదిలేస్తే ఆ లైను దాటేలోపే తాళం పోతుంది. అందుకని సబ్‌రొటీన్ లోపల వాంట్‌అరే (పిలిచినవాడు ఫలితం తీసుకుంటున్నాడా అని చెప్పే పెర్ల్ కమాండ్) చూసి, ఫలితాన్ని ఎవరూ తీసుకోవడం లేదని తేలితే అక్కడే ఆగిపోయేలా పెట్టాను. రేపు వేరేవాళ్లు ఈ కోడ్ తాకినా ఇదే గుంటలో పడకూడదు.

మార్చి 2

చిన్న సంగతి. ఇఫ్ బ్లాకు లోపల 'మై'తో మళ్లీ నంబరు వేరియబుల్ ప్రకటించి ఉన్నాను. బయట అదే పేరుతో ఇంకోటి ఉంది. లోపలిదానికి విలువ వచ్చింది, బ్లాకు ముగిసింది, అది పోయింది. ప్రింటరుకి వెళ్లింది బయటిది, ఖాళీది. నంబరు లేని చీటీ ఒకటి వచ్చింది. ఒకే బ్లాకులో రెండుసార్లు ప్రకటిస్తే పెర్ల్ వార్నింగ్ ఇస్తుంది గానీ, లోపలి బ్లాకులో అదే పేరు వాడితే అది తప్పు కాదు కాబట్టి ఊరుకుంటుంది. లోపలి 'మై' తీసేశాను.

మార్చి 4

గోడౌన్ నుంచి ఫోన్. "ఏందన్నా, స్క్రీన్ బిగుసుకుపోయింది, బస్తాలు దించినోళ్లు నిలబడి ఉండారు." వెళ్లి చూస్తే నిజంగానే నిలిచిపోయి ఉంది. గేటు దగ్గర మొదటి బండి చీటీ అయినప్పటి నుంచీ గోడౌన్ ఆగిపోయి ఉంది. గోడౌన్ స్క్రిప్టును ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటర్లో దూరం నుంచి కమాండ్లు నడిపే పద్ధతి) ద్వారా గేటు కంప్యూటర్లో నడిపి చూద్దామని నిన్నే మార్చాం. దాని కథ కింద రాస్తాను. రెండూ ఒకే కంప్యూటర్లో నడుస్తున్నాయి కాబట్టి తాళాలు ఒకదానికొకటి బాగానే కనిపిస్తున్నాయి. కాకపోతే గేటు స్క్రిప్టు తాళాన్ని వదలడం లేదు.

మొన్నటి తప్పుకి ఇది సరిగ్గా తిరగేసిన తప్పు. పట్టుకున్న హ్యాండిల్‌ని స్క్రిప్టు పైభాగంలో, ఏ బ్రాకెట్ల లోపలా లేకుండా ప్రకటించాను. హ్యాండిల్ పోతే ఫైలు తానే మూసుకుంటుంది కదా అని క్లోజ్ లైను కూడా తీసేశాను. అక్కడ ప్రకటిస్తే ఫైలు మొత్తం దాని పరిధి, ప్రోగ్రాం ముగిసేదాకా బతుకుతుంది. గేటు స్క్రిప్టు పొద్దున మొదలుపెడితే రాత్రికి గానీ ఆగదు, ఒక్కో బండికి లూపు తిరుగుతుంది. లూపు ఒక చుట్టు ముగిసినా ఆ వేరియబుల్ చావదు, మొదటి తాళం అలాగే వేలాడుతోంది. రెండో బండికి కొత్తగా తాళం అడిగితే, తన చేతిలోనే ఉన్న పాత తాళం కోసం తానే కాచుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు లూపు లోపల ఇంకో జత మీసాల బ్రాకెట్లు వేశాను, ముందు ఇఫ్ గానీ ఫర్ గానీ లేని ఒట్టి బ్లాకు. అందులో తాళం, చదవడం, రాయడం, రిజిస్టరులో (చీటీలన్నీ వరసగా ఉండే ఫైల్లో) ఒక లైను చేర్చడం. అంతే, బ్రాకెట్ మూత. తూకం కోసం కాచుకోవడం దానికి పైన, ప్రింటు దానికి కింద. తాళం ఎంతసేపు ఉంటుందో ఇప్పుడు కోడ్ చూడగానే కంటికి కనిపిస్తుంది. పైబ్రాకెట్ నుంచి కిందిబ్రాకెట్ దాకా. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

గుమస్తా మామకి స్క్రీన్ బిగుసుకున్నట్టు అనిపించకుండా లాక్-ఎన్‌బీ కూడా కలిపాను. తాళం దొరకకపోతే ఫ్లాక్ అక్కడే ఆగిపోకుండా వెంటనే తిరిగి వస్తుంది. సెకనులో పదో వంతు ఆగి మళ్లీ అడుగుతుంది, ఒక సెకను దాటితే "అవతల చీటీ రాస్తున్నారు, ఆగండి" అని తెరమీద కనిపిస్తుంది.

మార్చి 5

ప్రింటు కింద ఉంది అన్నాను గానీ, మొదట దాన్ని బ్లాకు లోపలే ఉంచాను. దాని ఫలితం నిన్న సాయంత్రమే చూశాం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు నెమ్మది, అందుకని స్క్రిప్టు ఫోర్క్ చేసి, అంటే తన నకలుని పుట్టించి, ఆ చైల్డ్ ప్రాసెస్‌కి ప్రింటు పని అప్పగించి తాను ముందుకు పోతుంది. ప్రింటర్లో కాగితం అయిపోయింది. చైల్డ్ అక్కడే ఆగింది. గేటు స్క్రిప్టు బ్లాకు దాటి పోయింది, హ్యాండిల్ మూసుకుంది, అయినా గోడౌన్లో "ఆగండి" అనే మాటే.

ఫోర్క్ చేసినప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లన్నీ చైల్డ్‌కి కూడా వస్తాయి. ఫ్లాక్ తాళం ప్రాసెస్‌ది కాదు, తెరిచిన ఆ ఫైలుది. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే తాళం, తల్లి మూసేసినా చైల్డ్ పట్టుకునే ఉంది. ఎల్‌ఎస్‌లాక్స్‌లో పేరు చూస్తే ముందు తికమక పడ్డాను కూడా, తాళం వేసిన ప్రాసెస్ నంబరు చూపిస్తుంది గానీ చైల్డ్ ది చూపించదు.

ప్రింటును బ్లాకు కిందికి జరపగానే సమస్య పోయింది. ఫోర్క్ జరిగే సమయానికి హ్యాండిల్ అనేదే లేదు, చైల్డ్‌కి వెళ్లడానికి ఏమీ మిగల్లేదు.

మార్చి 6: గోడౌన్ కంప్యూటరు కథ

రెండో తారీఖు దాకా నా పరీక్షలన్నీ గేటు కంప్యూటర్లోనే, రెండు టెర్మినళ్లతో. మూడున మొదటిసారి అసలు పద్ధతిలో, ఒక టెర్మినల్ గేటు దగ్గర, ఒకటి గోడౌన్లో పెట్టి నడిపాను. 1,702. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, ఇంకా ఏ వేరియబుల్ ఎక్కడ చస్తోందోనని.

ఈసారి తప్పు వేరియబుల్‌ది కాదు. గోడౌన్ కంప్యూటరు గేటు ఫోల్డరుని సాంబా (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే సాఫ్ట్‌వేర్) షేరుగా మౌంట్ చేసుకుంటుంది, అంటే తన సొంత ఫోల్డరులా తగిలించుకుంటుంది. లినక్స్ కెర్నల్ 5.4 దాకా ఇలాంటి మౌంట్ మీద ఫ్లాక్ వేస్తే ఆ సంగతి అవతలి సర్వరుకి వెళ్లనే వెళ్లదు. ఆ కంప్యూటర్లో ఉబుంటు 20.04, కెర్నల్ 5.4. గోడౌన్ తాళం గోడౌన్లోనే, గేటు తాళం గేటులోనే. రెండు ఊళ్లలో రెండు బస్సుల్లో తువాళ్లు వేసుకున్నట్టు.

5.5 నుంచి ఫ్లాక్‌ని సర్వరు దాకా పంపుతారు. అయితే కెర్నల్ మార్చేస్తే పోతుందా అంటే మా విషయంలో అదీ కుదరదు. నెట్‌వర్క్ మీద వచ్చే తాళాన్ని సాంబా మామూలుగా ఎఫ్‌కంట్రోల్ (fcntl) అనే వేరే రకం తాళంగా వేస్తుంది. గేటు స్క్రిప్టు వేసేది ఫ్లాక్ రకం. లినక్స్‌లో మామూలు డిస్కు మీద ఈ రెండు రకాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. ఒకరు సర్వరు మీదే, ఇంకొకరు మౌంట్ మీద ఉన్నంతకాలం ఆ సందు అలాగే ఉంటుంది.

అందుకే మౌంట్ మీద తాళాల ఆశే వదిలేశాం. నంబరు ఇచ్చే స్క్రిప్టు గేటు కంప్యూటర్లో ఒక్కటే ఉంటుంది. గోడౌన్ కంప్యూటరు ఎస్‌ఎస్‌హెచ్‌తో దాన్ని పిలిచి, బరువు, రైతు వివరం ఇచ్చి, నంబరు తీసుకుంటుంది. తాళం వేసేదీ విప్పేదీ ఒకే కెర్నల్. గేటు కంప్యూటరు ఆగిపోతే గోడౌన్లో కూడా చీటీ రాదు, అది నిజమే. దానికి చిన్నాన్నే దారి చూపాడు. ఆ పూటకి చేత్తో రాసే చీటీ పుస్తకం, నంబరుకి ముందు 'చే' అన్న అక్షరం. కలిసే ప్రశ్నే లేదు.

గేటు నుంచి 1,000, గోడౌన్ నుంచి 1,000. 2,000.

మార్చి 8

రాత్రి లెక్కల స్క్రిప్టు కూడా సరిచేశాను. హ్యాష్‌లో వేసే ముందు ఆ నంబరు అప్పటికే ఉందా అని చూస్తుంది, ఉంటే రెండు లైన్లూ చూపించి ఆగిపోతుంది. మౌనంగా మీద రాయడం ఇక లేదు. మొదటి రోజే ఇది ఉండి ఉంటే సంగం రైతు అంత దూరం రెండోసారి రావాల్సిన పని ఉండేది కాదు.

దీన్ని పరీక్షిస్తుంటే రిజిస్టరంతా ఒకే చీటీగా వచ్చింది. ఇదీ పరిధి గొడవే, కాకపోతే వేరే రకం. బిల్లు నమూనా ఫైలు మొత్తాన్ని ఒకేసారి చదవడానికి, లైను ఎక్కడ ముగుస్తుందో చెప్పే డాలర్-స్లాష్ ($/) వేరియబుల్‌కి విలువే లేకుండా చేశాను. అది పెర్ల్ సొంత గ్లోబల్. దాని మీద 'మై' పనిచెయ్యదు, ఒకసారి మారిస్తే ప్రోగ్రాం మొత్తానికీ మారినట్టే. ఆ తర్వాత రిజిస్టరు చదివిన సబ్‌రొటీన్‌కి లైన్లనేవే కనిపించలేదు. ఇలాంటి చోటికే 'లోకల్' ఉంది. కొత్త వేరియబుల్ పుట్టించదు, ఉన్నదాని విలువను దాచిపెట్టి, బ్లాకు ముగియగానే తిరిగి పెడుతుంది. అయితే ఆ బ్లాకు లోపల నుంచి పిలిచిన సబ్‌రొటీన్లకి కూడా మారిన విలువే కనిపిస్తుంది, అందుకని నమూనా చదివే రెండు లైన్లకే ప్రత్యేకంగా బ్లాకు కట్టాను.

మార్చి 9

ఈ సీజన్ రిజిస్టరు మొత్తం కొత్త స్క్రిప్టుతో తిరగేశాం. జంట నంబర్లు 4817 కాక ఇంకో రెండు దొరికాయి. వాటిలో ఒకదాని గురించి చీటీ పట్టుకుని అడగడానికి రైతు ఎవరూ రాలేదు. 2.2 పుట్లు, 1,870 కేజీలు. కోవూరు వైపు ఆయన. గుమస్తా మామ ఫోన్ చేస్తే, లెక్క తక్కువగా ఉందనిపించిందట గానీ, కంప్యూటరు చీటీ కదా తప్పెలా ఉంటుందని ఊరుకున్నాడట. రేపు పొద్దున చిన్నాన్న డబ్బు తీసుకుని వెళ్తున్నాడు. నన్నూ రమ్మన్నాడు.

ఇవాళ సాయంత్రం గేటు దగ్గర ఉన్నాను. కాటా మీద ట్రాక్టరు, లోపల బస్తాలు, రెండు ప్రింటర్లూ ఒకేసారి గీరుకున్నాయి. వెళ్లి రెండు చీటీలూ చూశాను. 5263, 5264. మార్చి ముగిసేలోపు మిగిలిన పని, ఏప్రిల్ 1న నంబరు 1కి తిప్పే స్క్రిప్టు కూడా ఇదే తాళం అడిగేలా మార్చడం.